వేళ్లు పోయాక వచ్చిన తలుపు

మా ఊరి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఈ సంవత్సరం ఒక్క ప్రమాదమైనా జరగలేదని ప్రజలందరికీ తెలియజేయడానికి యాజమాన్యం సంతోషించింది. గేటుకు బ్యానరు కట్టి మరీ సంతోషించింది. సంవత్సరం పూర్తి కావడానికి ఇంకా వారం ఉంది గానీ, బ్యానర్లు రాసే మనిషి తీరికగా దొరికాడని ముందే రాయించారు. ప్రమాదం లేకుండా ఏడాది గడిస్తే ప్రతి కార్మికుడికీ ఒక టేబుల్ ఫ్యాను ఇస్తామని మొదట్లోనే ప్రకటించారు. ఫ్యాన్లు తెప్పించి స్టోరు రూము అద్దాల వెనక పేర్చారు కూడా. వస్తూ పోతూ ఎవరి ఫ్యాను ఏదో వాళ్లు చూసుకుని పెట్టుకున్నారు.

ఆ వారంలోనే అట్టలు కోసే ప్రెస్సు ఒక ఆపరేటరు కుడిచేతి వేళ్లు రెండు కోసేసింది. ఈ ఆపరేటరును అందరూ సరేలే అని పిలుస్తారు, ఎవరేమడిగినా ఆ మాటే అంటాడు గనక. ప్రెస్సుకూ చేతికీ మధ్య ఒక ఇనుప జాలీ ఉండాలి. అది ఉంటే చెయ్యి లోపలికి పోదు, పని కూడా అంత వేగంగా సాగదు. అందుకని దాన్ని ఎప్పుడో ఊడదీసి, మెరుగు పెట్టించి, "భద్రతే మా ప్రాణం" అన్న అక్షరాల కింద మేనేజరుగారి గదిలో గోడకు తగిలించారు. వచ్చిన పెద్దమనుషులంతా దాన్ని చూసి మెచ్చుకునేవారు.

మేనేజరుగారు తర్కం తెలిసిన మనిషి. ఈ ఫ్యాక్టరీలో ప్రమాదాలు జరగవు, బ్యానరు మీద అలాగే ఉంది. ఇతనికి ప్రమాదం జరిగింది, చేతికి కట్టు కనిపిస్తోంది. కాబట్టి అది ఇంకెక్కడో జరిగి ఉండాలి. కార్మికుడికి ఫ్యాక్టరీ పోగా మిగిలేది ఇల్లొక్కటే.

ఈ సంగతి సరేలేకు నచ్చజెప్పే బాధ్యతను తోటి కార్మికులు స్వచ్ఛందంగా స్వీకరించారు. పక్క మెషినులో జిగురు పూసే ప్రాణస్నేహితుడు అందరికంటే ముందు ఆస్పత్రికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"నీ చెయ్యి చూస్తే కడుపు తరుక్కుపోతోందిరా. కానీ ఇంట్లో తగిలిందని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుంది చెప్పు? మా చిన్నది ఉక్కకు నిద్రే పోవట్లేదు."

"సరేలే" అన్నాడు సరేలే. ఆస్పత్రి ఖర్చులు మానవతా దృక్పథంతో తామే చూసుకుంటామని మేనేజరుగారు కబురు పంపారు.

ఇక ఇంట్లో ప్రమాదం ఎలా జరిగిందో నిర్ణయించడానికి భద్రతా కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. కూరగాయల కత్తి అన్నారొకరు. రెండు వేళ్లూ ఒకే గీతన పోయాయి, కత్తికి అంత క్రమశిక్షణ ఉండదని ఇంకొకరు కొట్టిపారేశారు. కుట్టుమిషను అన్నారు, ఆ ఇంట్లో అది లేదు. చివరికి తలుపు సందులో పడి నలిగాయని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీరా వాకబు చేస్తే, వాళ్లింటి తలుపు పాత రేకుది. గోరు విరిచే ఓపిక కూడా దానికి లేదు. జాలీ బిగించే ఖర్చుకు ఏళ్ల తరబడి అనుమతి ఇవ్వని యాజమాన్యం, బరువైన చెక్క తలుపు ఒకటి ఆ పూటే మంజూరు చేసింది. మర్నాడు వడ్రంగి వచ్చి దాన్ని బిగించాడు. కొలత తప్పి అది ఎంత నెట్టినా మూతపడలేదు, నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండిపోయింది. అయినా కమిటీ తరఫున "ఇక్కడ వేళ్లు పెట్టరాదు" అని దాని మీద హెచ్చరిక అతికించి వెళ్లారు.

ఏడాది పూర్తయిన రోజున ఫ్యాన్లు పంచే సభ ఘనంగా జరిగింది. మేనేజరుగారు మైకు అందుకుని ఇలా సెలవిచ్చారు.

"కార్మిక సోదరులారా! యంత్రాల మధ్య ఉన్నంత క్షేమంగా మీరు మీ ఇళ్లలో లేరు. ఆ తలుపులు, ఆ గడపలు తలుచుకుంటే నాకు భయమేస్తోంది. మీ మేలు కోరి చెబుతున్నాను, రేపటి నుంచి రోజూ ఇంకో రెండు గంటలు ఫ్యాక్టరీలోనే ఉండండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. చెయ్యి కట్టుతో ఉండటం వల్ల సరేలే కొట్టలేకపోయాడు. అతనికీ ఒక ఫ్యాను ఇచ్చారు. దాన్ని వాళ్లావిడ మోసుకెళ్లింది.

సభతో పాటే మానవతా దృక్పథం కూడా ముగిసింది. దెబ్బ ఇంట్లో తగిలింది గనక సెలవుకు జీతం రాదన్నారు. మిగిలిన ఆస్పత్రి బిల్లు ఎవరి తలుపు వాళ్లే చూసుకోవాలన్నారు. ప్రెస్సు మీద పనికి వేళ్లన్నీ ఉన్నవాళ్లు కావాలి, కాబట్టి ఇక రానక్కర్లేదన్నారు. అన్నిటికీ సరేలే అని ఇంటికొచ్చాడు. మర్నాడు ఇంకెక్కడైనా పని అడుగుదామని చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకోలేక నిలబడిపోయాడు. భార్య వచ్చి పెట్టింది. ఆమె బొత్తాలు పెడుతున్నంతసేపూ అతను గోడవైపు చూస్తూ ఉన్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆమె నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా మన శాఖల సంప్రదాయానికి విరుద్ధంగా విషయమంతా అర్థమయ్యేలా చెప్పేసింది.

"పనిచేస్తుండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలితే పరిహారం వస్తుందమ్మా. మీ ఆయన ఏమరుపాటుగా ఉన్నాడేమోనని నువ్వు భయపడక్కర్లేదు, దానికీ దీనికీ ముడిపెట్టరు. వైద్యం ఖర్చివ్వాలి, పనిలేని రోజులకు జీతంలో కొంత ఇవ్వాలి, పోయిన వేళ్లకు వేరే ఇవ్వాలి. కాకపోతే అక్కడే తగిలిందని తేలాలి. చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఫ్యాక్టరీ అంతా చూసిందండీ" అంది ఆమె ధైర్యంగా.

ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఎంతో మర్యాద చేశారు. "ఎండనపడి వచ్చావు, కూర్చో చెల్లెమ్మా" అని కొత్త ఫ్యాను ఆమె వైపు తిప్పారు. ఆ గాలిలో కూర్చోబెట్టి, ఆ సమయానికి తాము కిటికీలోంచి బయటికి చూస్తున్నామని చెప్పారు. ఫ్యాక్టరీలో ఉన్న కిటికీ ఒక్కటే. అంతమంది దాని దగ్గర ఎలా పట్టారన్నది భద్రతా కమిటీ పరిశీలించాల్సిన విషయం.

చివరికి ఆమె పెట్టిన అర్జీ మీద విచారణకు కార్మిక శాఖ ఇనస్పెక్టరు వచ్చాడు. ఆయన సరాసరి తలుపు దగ్గరికి వెళ్లి నెట్టాడు. భుజం పెట్టి నెట్టాడు. తన చెయ్యే సందులో పెట్టి నెట్టించుకున్నాడు. చెయ్యి క్షేమంగా బయటికి వచ్చింది.

"వేళ్లు ఇందులోనే పడ్డాయా?" అని అడిగాడు.

"వాళ్లెలా అంటే అలాగే సార్" అన్నాడు సరేలే.

"నోరు తెరిచి నిజం చెప్పలేవా? ఇంకా ఎవరి ఫ్యాను పోతుందని నీ బెంగ?" అని భార్య కసిరింది.

పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు ఈ హడావిడి అంతా అర్థం కాలేదు. "ఆ తలుపు గురించా నాయనా? పాపం, ఈ అబ్బాయి కట్టు కట్టించుకొచ్చిన మర్నాడు కదూ తెచ్చి బిగించారు! చెయ్యి ఇలా అయిందని ఎవరో ధర్మాత్ములు ఇచ్చారనుకున్నా" అంది. ఆవిడ ఫ్యాక్టరీలో పనిచేయదు, ఆవిడకు ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. అందుకని నిజం సునాయాసంగా వచ్చేసింది.

పరిహారం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. జాలీని ప్రెస్సుకు బిగించాలని మరో ఉత్తర్వు వచ్చింది. యాజమాన్యం రెండింటినీ గౌరవించింది. మొదటి దాని ప్రకారం సొమ్ము చెల్లించింది. రెండోదానికి ఫ్రేము కట్టించి, మేనేజరుగారి గదిలో జాలీ పక్కనే తగిలించింది. ప్రమాదం జరిగినట్టు తేలింది గనక నిబంధనల ప్రకారం ఫ్యాన్లన్నీ వెనక్కి తీసుకుంది.

అప్పుడు మా ఊరికి నిజంగా కోపం వచ్చింది. మేనేజరు మీద కాదు. రెండు వేళ్ల కోసం ఇంతమంది నోటి దగ్గర కూడు లాగేసిన మనిషిని ఎక్కడా చూడలేదని కొళాయి దగ్గరా, టీ దుకాణం దగ్గరా అనుకున్నారు. చెయ్యి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. జిగురు పూసే స్నేహితుడైతే ఎదురుపడినా మొహం తిప్పుకుపోతున్నాడు. స్నేహానికి ఈ రోజుల్లో విలువ లేదని అందరితో చెప్పుకుని బాధపడుతున్నాడు.

ఖాళీ అయిన ప్రెస్సు మీద అతనే తన బావమరిదిని పెట్టించాడు. మొదటిరోజు కుర్రాణ్ణి పక్కకు పిలిచి, పెద్దవాడిగా నాలుగు మంచిమాటలు చెప్పాడు.

"చూడు బామ్మర్దీ, చెయ్యి జాగ్రత్త. ఒకవేళ ఏదైనా అయితే మాత్రం ఆఫీసుకు పరిగెత్తకు, ముందు నాకు చెప్పు. ఈ ఏడాది కూలరు ఇస్తారట."

అతన్ని తప్పుపట్టకండి. ఈసారి ఎండలెలా ఉన్నాయో మీకూ తెలుసు.