ఫోటోలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

తిండీ బట్టా లేకపోయినా మనిషి ఎలాగో నెట్టుకురావచ్చు. ఫోటోకు నిలబడే కాన్ఫిడెన్స్ లేకపోతే మాత్రం ఆ బతుకు బతుకే కాదు. నమ్మకం కుదరకపోతే మా పక్కింటి తాళాలాయన సంగతి వినండి.

ఆయన తాళాలు బాగుచేస్తాడు. మాట తక్కువ. పొద్దున "వెళ్ళొస్తా", సాయంత్రం "వచ్చా". ఆ రెండింటికీ మధ్య నోరు విప్పాడంటే అది భార్యను నవ్వించడానికే. ఆవిడ నవ్వూ అలాంటిదే. కళ్ళు మూసుకుపోయేవి, భుజాలు ఊగిపోయేవి, అరచెయ్యి నోటికి అడ్డం వచ్చేది. ఆపుకోలేక గోడ పట్టుకుని కూలబడేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కూడబెట్టుకున్న ఆస్తి అదొక్కటే.

ఎంత మోటుతనం చెప్పండి! అలాంటి నవ్వును ఏ కెమెరా భరిస్తుంది?

అదృష్టం బాగుండి వాళ్ళ కూతురు ఫోన్లో పాఠాలు చూసి పోజుల విద్య నేర్చింది. తల్లికీ నేర్పింది. గడ్డం కాస్త దించాలి. నాలుక పళ్ళ వెనక ఆనించాలి. ఎడమ చెంప తిప్పాలి. కళ్ళు మూసుకోకూడదు. చచ్చినా చెయ్యి నోటి దగ్గరికి రాకూడదు. వెలుతురు బాగా పడేచోట వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి, నేలమీద టేపు ముక్కలు అంటించింది. కూతురు ఫోన్ ఎత్తగానే ఆవిడ గరిటె వదిలేసి టేపు మీదికి వచ్చి నిలబడుతుంది. కూర మాడితే మాడనివ్వండి. మాడు వాసన ఫోటోలో వస్తుందా?

విద్య బాగా వంటబట్టింది. ఫోన్ లేనప్పుడు కూడా ఆవిడ అలాగే నవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన మెల్లగా అన్నాడు.

"ఇవాళ ఒకాయన వచ్చాడు. తాళంచెవి ఎక్కడ పోతుందోనని దాన్ని ఇంట్లోనే భద్రంగా పెట్టి, బయట తాళం నొక్కేసి వచ్చాడట."

ఆవిడ గడ్డం దించి, ఎడమ చెంప తిప్పి, పళ్ళు లెక్కగా చూపించింది. "బాగుందండీ" అంది.

ఆయన తినడం ఆపి ఆవిడ వంక చాలాసేపు చూశాడు. అది దిగులని మీరు అనుకుంటారు. కాదు, మురిపెం. ఇంట్లో నిలువెత్తు పోస్టర్ నడిచి తిరుగుతుంటే ఏ మొగుడు మురిసిపోడు?

పెళ్ళై ముప్ఫై ఏళ్ళయింది కదా, హాల్లో గోడకు పెద్ద ఫోటో ఉండాలంది కూతురు. ఫోటోగ్రాఫర్ ఇంటికొచ్చాడు. అక్కడో చిక్కొచ్చిపడింది. పాఠాల ప్రకారం మొగుడికీ పెళ్ళానికీ కూడా ఎడమ చెంపే అందం. ఒకరివైపు ఒకరు తిరిగి కూర్చుంటే ఎవరిదో ఒకరి కుడి చెంప బయటపడి పరువు పోతుంది. అందుకని ఇద్దరినీ ఒకే దిక్కుకు తిప్పి, ఆవిడను ముందు స్టూలు మీద, ఆయనను వెనక ఇనప కుర్చీలో కూర్చోబెట్టారు. కింద స్కూటరొక్కటే తక్కువ.

"నాన్నా, చేతులు అలా వేలాడేయకు. ఏదైనా పట్టుకో" అంది కూతురు.

ఆయన జేబులోంచి తాళంకప్ప తీసి పట్టుకున్నాడు.

"తాళమేంటి నాన్నా?"

"ఏదైనా అన్నావుగా."

"పర్లేదు అంకుల్, వెనక్కి పెట్టేయండి. కనబడకపోతే చాలు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని గడ్డం దించాడు. "అదీ అంకుల్, కాన్ఫిడెన్స్ అంటే అదీ" అని ఫోటోగ్రాఫర్ మెచ్చుకుంటూ నొక్కుతూనే ఉన్నాడు. ముఖానికి పాఠాలు చెప్పారు సరే, వీపు వెనక ఉన్న చేతులకు ఎవరు చెప్పారు? అవి జీవితమంతా చేసిన పనే చేశాయి. దొరికిన సందులో కొక్కెం దూర్చి టక్కున నొక్కాయి.

"అయిపోయింది, లేవండి" అంటూ ఫోటోగ్రాఫర్ కెమెరా సంచిలో పెట్టేశాడు.

ఆయన లేచాడు. కుర్చీ కూడా లేచింది.

ప్యాంటుకు బెల్టు దూర్చే పట్టీని కుర్చీ ఊచకు కలిపి తాళం వేసుకున్నాడు మహానుభావుడు.

"తాళంచెవేదండీ?" అంది ఆవిడ.

"షాపులో."

ఆవిడ గడ్డం దించబోయింది, కుదరలేదు. నాలుక ఆనించబోయింది, ఆగలేదు. కళ్ళు మూసుకుపోయాయి. చెయ్యి నోటికి అడ్డం వచ్చింది. "ఊరందరికీ తాళాలు తీసే మనిషి... తనకు తానే..." అంటూ గోడ పట్టుకుని కూలబడింది.

కూతురు గబగబా ఫోన్ ఎత్తి నొక్కింది. చూసుకుని పెదవి విరిచింది. "ఛ, చెయ్యి అడ్డమొచ్చింది. కళ్ళు కూడా మూసేశావు. డిలీట్ చేసేశా. ఏదీ, అలాగే ఇంకోసారి నవ్వమ్మా."

ఆవిడ లేచి, కళ్ళు తుడుచుకుని, టేపు మీద నిలబడి లెక్కగా నవ్వింది. ఆ ఫోటో ఉంచారు.

నిజానికి అలాంటి తాళం తీయడానికి ఆయనకు తాళంచెవి ఎందుకు? ఆవిడ జుట్టులో ఉన్న పిన్ను చాలు. అది కళ్ళెదుటే ఉంది. అయినా ఆయన కుర్చీ మోసుకుంటూ మెల్లగా టేపు దాకా నడిచి, ఆవిడ పక్కన నిలబడి అడిగాడు.

"నిలబడ్డావేం? కుర్చీ తెచ్చాగా, కూర్చో."

చెయ్యి మళ్ళీ నోటికి వెళ్ళింది.

ఇప్పుడు హాల్లో గోడమీద పెద్ద ఫోటో వేలాడుతోంది. వచ్చినవాళ్ళంతా ఆ రెండు ఎడమ చెంపలను మెచ్చుకుని వెళుతున్నారు. ఫోటోల వల్ల లాభం లేదని ఇంకా ఎవరైనా అంటారా? దాని పుణ్యమా అని ఆయనకో మంచి అలవాటు కూడా అబ్బింది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు జేబులో తాళంకప్ప వేసుకుంటున్నాడు. తాళంచెవి షాపులోనే వదిలేసి వస్తున్నాడు.