అయిదు విభాగాల మనిషి

ఆ ఆసుపత్రిలో జబ్బులకు మంచి క్రమశిక్షణ ఉంది. గుండె సోమవారం, మూత్రపిండాలు మంగళవారం, చక్కెర బుధవారం, ఊపిరితిత్తులు గురువారం, ఎముకలు శుక్రవారం. ఒక్కో జబ్బుకు ఆరు నిమిషాలు. ఇవన్నీ ఒకే ఒంట్లో పెట్టుకుని వచ్చే మొండివాళ్లుంటారని నిబంధనలు రాసిన పెద్దలు పాపం ఊహించలేదు.

అలాంటి మొండివాడే దర్జీ మాస్టారు. వారానికి అయిదు రోజులు ఆసుపత్రికి వచ్చి, మిగిలిన రెండు రోజులూ బట్టలు కుట్టి బతికేవాడు. ఆయనకు అయిదు రంగుల ఫైళ్లు, రోజుకు పధ్నాలుగు బిళ్ళలు. ఆయన భార్య ఆ బిళ్ళల సంచిని వీధిలో నలుగురికీ వినిపించేలా ఊపుకుంటూ నడిచేది.

దీర్ఘరోగుల గదిలో నర్సు పెద్ద సిస్టరు. ఇరవై రెండేళ్ల సర్వీసులోనూ ఆమెకు ఒక దురలవాటు పోలేదు. రోగిని చూస్తుంది. ఆ రోజు ముఖంతో ఆగక పాదాలు కూడా చూసింది.

"మాస్టారూ, కాళ్లేంటి ఇలా పొంగాయి?"

"మూడు వారాలైందమ్మా. పాదం ఆనక మిషను తొక్కలేకపోతున్నా."

"డాక్టర్లకి చెప్పలేదా?"

"చెప్పాను. కాళ్ల వాపు ఏ వారం కిందకొస్తుందో తేల్చుకుని రమ్మన్నారు."

ఆయన మెడలోని టేపుతోనే చీలమండ కొలిచింది. పదకొండు అంగుళాలు. ఫారంలో చీలమండకు గడి లేకపోతే అంచున రాసింది. తర్వాత అయిదు ఫైళ్లూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. అవి ఒకదాన్నొకటి చూసుకోవడం అదే మొదటిసారి. శుక్రవారం వారు మోకాలి నొప్పికి రాసిన బిళ్ళ ఒంట్లో నీరు నిలబెడుతోంది. సోమ, మంగళవారాల వారి వైద్యమంతా రోజుకు రెండు పూటలా మట్టిపాలవుతోంది.

సిస్టరు ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. మోకాలి నొప్పి తగ్గిందా లేదా అన్నదే తన పని, నీటి సంగతి మంగళవారం వారిని అడగమన్నాడాయన. మూత్రపిండాల డాక్టరు మరీ సంస్కారవంతుడు. "పక్కవాళ్ల బిళ్ళ మీద చెయ్యి వెయ్యడం మర్యాద కాదు సిస్టర్" అన్నాడు. ఇంతమంది మర్యాదస్తుల మధ్య మాస్టారి కాళ్లు ఇంకో అర అంగుళం పొంగాయి.

సిస్టరుకి ఒళ్లు మండిపోయింది. "ఆపమని రాసే అధికారం నాకు లేదు. అయినా చెబుతున్నా, ఆ మోకాలి బిళ్ళ మానెయ్యండి. మాటొస్తే నా ఉద్యోగం మీదకే రానీయండి" అంది.

రెండు వారాల్లో టేపు తొమ్మిది చూపింది. మాస్టారు మళ్లీ మిషను తొక్కాడు. సిస్టరు కోటుకు ఊడిన జేబు కుట్టి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చిచ్చాడు.

మర్నాడు ఆయన భార్య పెద్ద డాక్టరుకి ఫిర్యాదు చేసింది. "మాకు పలుకుబడి లేదనే గదా సార్, ఒక బిళ్ళ తగ్గించారు? పక్కింటాయనకి పదహారు."

విచారణ సభలో అయిదు విభాగాలూ కొలువుదీరాయి. పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"రోగి అంటే ఒక జబ్బు కాదు, సంపూర్ణ మానవుడు. ఆ సంపూర్ణ మానవుడికి న్యాయంగా రావలసిన పధ్నాలుగు బిళ్ళల్లో ఒకటి మాయమైతే మానవత్వం ఏమైపోవాలి?"

"సార్, నా కాళ్లు తగ్గాయి సార్" అన్నాడు మాస్టారు లేచి.

"మీ గురించే మాట్లాడుతున్నాం. మీరు కూర్చోండి."

సిస్టరు రాసిన కొలతలు, గడి లేనివి గనుక, చెల్లలేదు. ఆమెను దుప్పట్ల గదికి మార్చారు. అయిదు విభాగాలూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలని అందరూ ఆనందించారు. మోకాలి బిళ్ళ తిరిగి వచ్చింది. కాళ్లు మళ్లీ పొంగితే, వాపు కోసం పదిహేనోది కూడా రాశారు.

నెల తర్వాత మాస్టారు కర్ర పట్టుకుని దుప్పట్ల గది కిటికీ దగ్గరికి వచ్చాడు. మెడలోంచి టేపు తీసి చూపించాడు. "పన్నెండమ్మా" అన్నాడు.

సిస్టరు మడతపెడుతున్న దుప్పటి కింద పెట్టేసింది. రాయడానికి ఆమె దగ్గర కాగితం అంచు కూడా లేదు. కిటికీ ఊచల మధ్య నుంచి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఆ వీధిలో మిషను చప్పుడు వినబడదు. మాస్టారి భార్య నడిచినప్పుడు పదిహేను బిళ్ళల సంచి చప్పుడు మాత్రం గలగలా వినబడుతుంది. అది విన్న రోజు మనమంతా ఇంటికి వెళ్లి, మన సంచి ఒకసారి ఊపి చూసుకుని, మనకి వైద్యం సరిగ్గా జరగడం లేదని బెంగపెట్టుకుంటాం.