మా మేస్త్రీల అభివృద్ధి

కూలీలను దూరప్రాంతాల పనులకు తీసుకెళ్లే మేస్త్రీలను ఆడిపోసుకునేవారంటే నాకు జాలి. వాళ్లే లేకపోతే ఏమవుతుంది? పల్లెల్లో మగవాళ్లంతా ఇంటిపట్టునే ఉండిపోయి, పెళ్లాం పిల్లలకు రోజూ కనిపిస్తూ విసిగిస్తారు!

మా తాతను తీసుకెళ్లిన మేస్త్రీ పాపం అమాయకుడు. కూలీలతోపాటే నడిచేవాడు, వాళ్ల కుండలోదే తినేవాడు. తిరిగొచ్చాక తన గడప తొక్కకముందే ఇంటింటికీ వెళ్లి, "మీవాడు బాగున్నాడమ్మా, దగ్గు తగ్గింది" అని చెప్పేవాడట. ఎంత వెనకబాటుతనం!

ఆయన కొడుకు బైక్ కొన్నాడు. మా నాన్నను బస్సెక్కించి, బస్టాండులోనే చెయ్యూపి వెనక్కి వచ్చేవాడు. అవతల దించుకోవడానికి ఇంకో మేస్త్రీ, సైటుకు చేర్చడానికి మరొకడు. ఒక్క మనిషి ఇటుకలు మోయడానికి వెళితే ఇంతమందికి ఉపాధి! దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు?

ఇప్పుడు మనవడి కాలం. ఈయన గుమ్మం దాటనక్కర్లేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే చాలు, సగం ఊరు సంచులు సర్దుకుంటుంది. ఈసారి నాన్న వెళ్లిందీ ఆ మెసేజ్ వినే.

నాన్న సైటులో మెట్ల మీంచి జారిపడ్డాడని పోయిన నెల ఎవరో ఫోన్ చేశారు. ఆ తర్వాత నాన్న ఫోన్ స్విచాఫ్. అమ్మా నేనూ మేస్త్రీగారింటికి వెళ్లాం. కుర్చీలు వేయించి, ఫ్యాను మావైపు తిప్పారు. మర్యాదకేం లోటు?

"మా ఆయన ఎక్కడున్నాడు నాయనా?" అంది అమ్మ.

"నాకెలా తెలుస్తుంది పిన్నీ? నేను ఒకడికి అప్పజెప్పా. వాడు ఇంకొకడికి అప్పజెప్పాడు. ఆ ఇంకొకడు సైటు మార్చేశాడంట."

"గేదె తప్పిపోతేనే చీకటి పడేదాకా తిరుగుతాం కదయ్యా!"

"నేను మాత్రం ఊరుకున్నానా? మెసేజ్ పెట్టా. చూశాడు కూడా, బ్లూ టిక్ పడింది."

తాతల కాలంలో ఈ సౌకర్యం ఉందా? నాన్న కనిపించకపోతేనేం, టిక్కులు కనిపిస్తున్నాయి!

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీగారి మనసు కరిగి, చూపు నా మీదికి తిరిగింది.

"ఏడవకు పిన్నీ. అటువైపే ఓ సైటులో వంటమనిషి కావాలంట. చెల్లిని పంపు. పని చేసుకుంటూనే బాబాయిని వెతుక్కుంటుంది."

ఎంత పెద్ద మనసు! ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో?

రేపు పొద్దున్నే నా బస్సు. అవతల దించుకోవడానికి ఎవరో వస్తారట. నేనెక్కడున్నానో తెలుసుకోవాలంటే అమ్మ ఎవరిని అడగాలన్నాను.

"నేనున్నాగా!" అన్నాడు మేస్త్రీ.