ఎర్ర పట్టీల వార్డు

ఆ ఉదయం సిస్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంజక్షన్లు త్వరగా ముగించి, హెడ్ సిస్టర్ దగ్గర సెలవు పుచ్చుకుని, కూతురి బడికి పరుగెత్తాలి. పిల్ల మొదటిసారి స్టేజీ ఎక్కి పాడబోతోంది. "నువ్వు రాకపోతే నేను నోరు తెరవను" అని పొద్దున్నే తేల్చి చెప్పింది. తల్లి పోలికే, అన్నంత పనీ చేస్తుంది.

మొదటి మంచం మీద డ్రిల్లు మాస్టారు. సూది పట్టుకుని సిస్టరమ్మ అలవాటుగా అడిగింది. "మీకు పెన్సిలిన్ పడుతుందా మాస్టారూ?"

"ఎప్పుడో ఒంట్లో తేడా చేసినట్టు గుర్తమ్మా."

అంతే, సూది పక్కన పెట్టేసింది. మందు పడదని అందరికీ తెలిసేలా ఆయన మణికట్టుకి ఎర్ర పట్టీ వేసి, డాక్టరుకి కబురు పెట్టింది.

"ఇంతకీ పడకపోతే ఏమవుతుంది?"

"ముఖం వాచిపోవచ్చు, ఊపిరాడకపోవచ్చు. పైగా అదొక్కటే కాదు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ దాని తోబుట్టువులు. సెఫలోస్పోరిన్లు మేనత్త పిల్లలు. ఒకరితో చెడితే మిగతావాళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలి."

"అచ్చం మా బావమరుదుల వ్యవహారమే" అన్నాడు మాస్టారు.

డాక్టరు పరుగున వచ్చి, ఆయన మంచం మీదే కూర్చుని, ఓపిగ్గా ప్రశ్నలడిగి వెళ్లాడు. అది చూసి పక్క మంచం మీది బట్టల కొట్టు యజమానికి ఒళ్లు మండింది. తను చేరి ఇన్నాళ్లైనా డాక్టరు తన మంచం మీద కూర్చున్న పాపాన పోలేదు.

"నాకూ పడదు. కట్టమ్మా ఆ పట్టీ."

రోగి పడదన్నాక తేల్చుకునేదాకా కట్టాల్సిందే. కట్టింది. తర్వాతి మంచం మీది మంగలికి ఆ బిళ్ళ మరీ చేదట, అందుకని పడదట. లారీ డ్రైవరు "మా అన్నయ్యకి పడదు, మేం కవలలం" అన్నాడు. ఇంకొకాయన పెన్సిలిన్ వంశం మొత్తంతోనే తనకి మాటల్లేవన్నాడు. చూస్తుండగానే వార్డంతా ఎర్రబడిపోయింది.

"ఇక వీళ్లకి మంచినీళ్లు తప్ప ఏమీ రాయలేను" అని డాక్టరు చేతులెత్తేశాడు.

హెడ్ సిస్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది. "అందరికీ ఒక్కసారే పుట్టుకొచ్చిందా ఈ రోగం? డాక్టరుగారితో కలిసి ఒక్కొక్కర్నీ మళ్లీ అడుగు. అందాకా సెలవు మాట ఎత్తకు."

సిస్టరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. మాస్టారికి అప్పట్లో కాస్త విరేచనాలైనాయంతే, అది ఎలర్జీ కాదన్నాడు డాక్టరు. కొట్టు యజమాని ఆ మందు జన్మలో ఎరగడు. డ్రైవరు ఎన్నోసార్లు వేసుకుని సుఖంగా ఉన్నవాడే. విచారణ ముగిసేసరికి పట్టీలన్నీ కత్తెర పాలై చెత్తబుట్టలో పడ్డాయి.

ఇక మిగిలింది చివరి మంచం మీది దర్జీ, వార్డులో పట్టీ అడగని ఒకే ఒక్కడు. పొద్దుటి నుంచీ పెదవి విప్పని మనిషి. అడక్కముందే ఇంజక్షన్‌కి చెయ్యి చాపాడు. పాట మొదలయ్యే వేళవుతోంది. అయినా సిస్టరమ్మ నోరు ఊరుకోలేదు.

"పెన్సిలిన్ ఎప్పుడైనా వేశారా బాబాయ్?"

"ఒక్కసారి వేశారమ్మా. ముఖం వాచి, గొంతు మూసుకుపోయింది. మావాళ్లు ఆశ వదిలేసుకున్నారు."

సిస్టరమ్మ సూది ట్రేలో పడేసింది. "మరి ఇంత గొడవ జరుగుతుంటే చెప్పరేం?"

"పెద్దవాళ్లంతా పట్టీల కోసం పోటీ పడుతున్నారు కదా. మధ్యలో నేనెందుకులే అని."

గుమ్మంలోంచి అంతా విన్న హెడ్ సిస్టర్ గబగబా లోపలికొచ్చింది. సొరుగు లాగి చూస్తే ఎర్ర పట్టీ ఒక్కటీ మిగల్లేదు. "నువ్వు అడక్కపోయుంటే..." అని ఆగిపోయి, "నువ్వు బడికి పో తల్లీ, ఈయన్ని నేను చూసుకుంటా" అంది.

కొత్త పట్టీలు సాయంత్రానికి గానీ రాలేదు. అందాకా దర్జీ మంచం పక్కన నిలబడి, ఎర్ర పట్టీ ఉద్యోగం హెడ్ సిస్టరే చేసింది.