తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల వీరులు

‘వేయి శిఖరాల రాజ్యం’ అనే కంప్యూటరు ఆట శనివారం ఉదయం దక్షిణ కొరియా అంతటా విడుదలైంది. దాని మీద ఆటగాళ్ల తొలి అభిప్రాయాలు శుక్రవారం సాయంత్రానికే విడుదలయ్యాయి. ఆడకముందే రాసినవి కావడం వల్ల వాటిలో రాగద్వేషాలకు తావు లేకపోయింది. ‘ఆశించినంత లేదు’ అని సగంమంది, ‘జన్మ ధన్యమైంది’ అని తక్కిన సగంమంది తేల్చిపారేశారు. రెండు వర్గాల మధ్య వాగ్యుద్ధం ఎంత ఉత్సాహంగా సాగిందంటే, తీరా ఆట వచ్చేసరికి చాలామందికి అది మధ్యలో అడ్డంగా తగిలింది.

ఆటను తయారుచేసిన కంపెనీ గంభీరమైన ప్రకటన ఒకటి ఇచ్చింది. "ఈ రాజ్యంలో హోదాలు లేవు, పై అధికారులు లేరు, హద్దులు అసలే లేవు. యోధులు కండి, మాంత్రికులు కండి, కోసుచెవుల వనవాసులు కండి. అందరూ ఏకమై నల్లగుహలోని డ్రాగన్‌ను సంహరించండి!" ఇంతవరకు బాగానే ఉంది. అయితే పాత్రను తయారుచేసుకునే చోట పేరు, జుట్టు రంగు, ముక్కు పొడవుతో పాటు వయసు రాసుకోవడానికి మూడంకెలు పట్టే చిన్న గడి కూడా పెట్టారు. వయసు వల్ల ఆటలో లాభనష్టాలేమీ ఉండవనీ, అది కేవలం అలంకారమనీ కింద చిన్న అక్షరాల్లో రాశారు. వయసు అలంకారమని కొరియాలో పుట్టి పెరిగిన వాళ్లు ఎలా రాయగలిగారో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ గడిని చూడగానే సువాన్ నగరంలో తాక్ బ్యోంగ్‌జూన్ అనే యువకుడి కళ్లు చెమర్చాయి. స్టేషన్ వెనకాల, ఆటల కోసమే గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకిచ్చే పీసీ బాంగ్‌లో అతను తెల్లవారకముందే మూల కుర్చీ పట్టాడు. తాక్ జీవితంలో ఒకే ఒక్క లోటు ఉంది. అతను ఎక్కడున్నా అందరికన్నా చిన్నవాడే. ఇంట్లో కడగొట్టువాడు. డిసెంబరు చివర్లో పుట్టాడు కాబట్టి బడిలో చిన్నవాడు. తలుపు గొళ్లాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది కానీ, అతనితోనే కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. దాంతో ఆఫీసు వాళ్లంతా భోజనానికి వెళ్లినప్పుడల్లా బల్ల పక్క సొరుగులోంచి చెంచాలు తీసి పరచడం, మంచినీళ్లు పోయడం, మాంసం కాల్చి కత్తెరతో ముక్కలు చేయడం అతనికి శాశ్వత పదవులయ్యాయి. అందరి ముక్కలూ కాల్చేసరికి తన ముక్క చల్లారేది. మాంసం సంగతి అతను ఏనాడో వదులుకున్నాడు. చచ్చేలోగా ఒక్కరు, ఒకే ఒక్కరు తనను "అన్నా" అని పిలిస్తే చాలనుకున్నాడు.

గడిలో తాక్ 999 అని కొట్టాడు. సరిగ్గా ఆ సమయానికే దేశమంతటా లక్షలాది ఆటగాళ్లు అదే అంకె కొడుతున్నారు. ఆ మధ్యాహ్నానికి రాజ్యంలో తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల వీరులు తప్ప మరో ప్రాణి లేదు. ఇంతటి అనుభవజ్ఞులైన జనాభా చరిత్రలో ఏ రాజ్యానికీ దక్కలేదని పత్రికలు కొనియాడాయి.

అందరూ సమానమైతే సంఘం ఎలా నడుస్తుంది? ఎవరు ఎవరిని మీరు అనాలి, ఎవరు ఎవరిని నువ్వు అనవచ్చు? ఈ సంగతి తేలక జనం ఊరి చావడిలో నోరు విప్పకుండా నిలబడిపోయారు. చివరికి ‘శిఖర పితామహుడు’ అనే ఆటగాడు ముందుకొచ్చి సమస్యను పరిష్కరించాడు. ఈయన అసలు పేరు ఓక్ ఛాంగ్‌సుల్. స్నానాల గది పలకలు అమ్మే దుకాణానికి మేనేజరు. "సోదరులారా! వయసు సమానమైనప్పుడు రాజ్యంలోకి ఎవరు ముందు అడుగుపెడితే వారే పెద్ద. నేను మొట్టమొదట వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను" అని ప్రకటించి, సిగ్గుపడుతూనే దళపతి అయ్యాడు.

తాక్ అందరికన్నా వెనక వచ్చాడు. ఆటలోకి ప్రవేశించే వరసలో నిజానికి అతనిది మంచి స్థానమే. కానీ తన వంతు వచ్చే సమయానికి ఆఫీసు నుంచి సెక్షన్ పెద్ద ఫోను చేశాడు. పెద్దాయన ఫోను కనుక తాక్ కుర్చీలోంచి లేచి, రెండు చేతులతో పట్టుకుని, తెరకు వీపు తిప్పి వంగి వంగి మాట్లాడాడు. పెద్దాయన తన గొడుగు కనపడటం లేదన్నాడు. వెతికి పెడతానని చెప్పి తాక్ ఇటు తిరిగేసరికి వంతు కాస్తా దాటిపోయింది.

"ఏమోయ్ చిన్నోడా, నువ్వేనా ఆఖరు?" అన్నాడు శిఖర పితామహుడు, తాక్ దళంలో చేరగానే.

"అవునండీ" అన్నాడు తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల తాక్.

"అయితే అలా చూస్తావేం? చెంచాలు వెయ్యి!"

ఆటలో చెంచాలు లేవు. కత్తులు, గొడ్డళ్లు, మంత్రదండాలు, ఎగిరే గుర్రాలు ఉన్నాయి గానీ చెంచా అన్నది లేదు. దీనిపై తీవ్ర నిరసన చెలరేగింది. సంస్కృతికి ఇంత దూరమైన ఆటను పిల్లలెలా ఆడాలని తల్లిదండ్రుల సంఘం ప్రశ్నించింది. కంపెనీ క్షమాపణ చెప్పి రాత్రికి రాత్రి ఆటను సవరించింది. డ్రాగన్ ఒక్కోసారి గోడలోంచి దూరి పోతోందన్న ఫిర్యాదు అలాగే ఉండిపోయింది కానీ, చెంచాలు మాత్రం వచ్చాయి. పెద్దల ముందు తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునే సౌకర్యం కూడా కలిపారు. తాక్ చెంచాలు వేశాడు.

ఆ వారమంతా ఆటగాళ్ల అభిప్రాయాలు వెల్లువెత్తాయి. ‘అద్భుతం. చావడిలో ఉత్తరం వైపు కుర్చీ దక్కింది. ఇంకా లేవలేదు’ అని ఒక యోధుడు రాశాడు. ‘కొండలు బాగున్నాయంటున్నారు. చూసిరమ్మని ఒక చిన్నవాణ్ని పంపాం’ అని మరొకడు. ‘నన్ను నువ్వు అన్న మాంత్రికుడి మీద ఫిర్యాదు చేశాను. ఇంత లీనమైపోయి ఏ ఆటా ఆడలేదు’ అని ఇంకొక ఆవిడ. ఎలుకలను చంపితే బలం పెరుగుతుందని అందరికీ తెలుసు. అయితే ఎలుకలను చంపడం చిన్నవాళ్ల పని. ఉన్న కొద్దిమంది చిన్నవాళ్లకూ చెంచాలతోనే సరిపోయింది కాబట్టి ఎలుకలు నిశ్చింతగా సంతానాన్ని వృద్ధి చేసుకున్నాయి.

అయినా దళం ఒకసారి నల్లగుహ మీద దండెత్తింది. గుహ ముఖద్వారం దగ్గర "తమరు ముందు" అంటే "అబ్బే, తమరు" అనుకుంటూ మధ్యాహ్నం దాకా గడిపారు. లోపల డ్రాగన్ నిద్రపోతోంది. పెద్దాయన చెంచా పట్టందే ఎవరూ ముద్ద ముట్టకూడదు గనుక, పెద్దాయన కత్తి దూయందే ఎవరూ కత్తి దూయలేదు. పితామహుడు ఉపన్యాసం దూశాడు. "మా కాలంలో డ్రాగన్లు ఇలా పడుకునేవి కావు" అంటూ ఆయన మొదలుపెట్టేసరికి డ్రాగన్ మేలుకుని నిప్పు కక్కింది. వైద్యురాలు సంజీవని మందు తీసి వయసు వరసలో పంచింది. రెండు చేతులతో అందుకోవాలి కనుక అందరూ డాళ్లు కింద పడేశారు. వరసలో ఆఖరివాడైన తాక్, డ్రాగన్‌కు అందరికన్నా దగ్గరగా నిలబడినవాడు, మొదట బూడిదయ్యాడు. మిగిలినవాళ్లు మర్యాదగా, పెద్ద నుంచి చిన్నకు, అతన్ని అనుసరించారు. ‘పోరాటం సంగతెలా ఉన్నా ఉపన్యాసం కదిలించింది’ అని ఆ రోజు అభిప్రాయాల్లో నమోదైంది.

తాక్ ఆట మానేద్దామనుకుంటున్న రోజుల్లో చావడి గుమ్మంలో ఒక పిల్ల కనిపించింది. పేరు ‘చిట్టి ముల్లంగి’. పేరు పక్కన వయసు పదహారు.

చావడి స్తంభించింది. తెలిసి తెలిసి పదహారు రాసుకున్న మనిషిని ఎవరూ చూడలేదు. ఆ పిల్ల గబగబా వచ్చి తాక్ ముందు నిలబడి, "అన్నా, ఇక్కడేం చెయ్యాలన్నా?" అంది.

తాక్ పీసీ బాంగ్‌లో కుర్చీ తన్నేసి లేచి నిలబడ్డాడు. అప్పుడే తెచ్చి పెట్టిన నూడుల్స్ ఒళ్లో పడ్డాయి. కాలుతున్నా అతనికి తెలియలేదు. ఇరవై ఆరేళ్లుగా ఏ మాట కోసం చెవులు కోసుకున్నాడో ఆ మాట తెర మీద నల్లని అక్షరాల్లో మెరుస్తోంది. ఆనందం పట్టలేక అతను పక్క కుర్చీలోని అపరిచితుణ్ని కౌగిలించుకున్నాడు. ఆ అపరిచితుడు వెంటనే, "మీరే సంవత్సరంలో పుట్టారండీ?" అని అడిగాడు.

"ముందు చెంచాలు వెయ్యి. తర్వాత గ్లాసులు. ఆనక ఆ ఎలుకల సంగతి చూడు" అని తాక్ టైపు చేశాడు. దర్పం సరిపోలేదనిపించి, "ఊఁ, కానీ!" అని కలిపాడు.

"ఓ, ఇప్పుడే!" అంది చిట్టి ముల్లంగి.

అలాంటి పిల్లను రాజ్యం ఎరగదు. చెంచాలు వేసింది, గ్లాసులు తోమింది, ఎలుకలను గుంపులు గుంపులుగా మట్టుపెట్టింది, ఎవరూ అడగకపోయినా తోడేళ్ల పని పట్టింది. అయిందంటే, "ఇంకేమైనా పనుందా అన్నా?" అని మళ్లీ ప్రత్యక్షం. పెద్దలంతా కుర్చీల్లో ముదురుతుంటే ఆ పిల్ల కండలు పెంచింది. ఒకరోజు పనులన్నీ అయిపోయాయి. ఏం చెప్పాలో తోచక తాక్, గుహ దగ్గర ఎండు పుల్లలు ఏరుకు రమ్మన్నాడు. సాయంత్రానికి తిరిగొచ్చింది.

"పుల్లలు తెచ్చానన్నా. లోపల ఏదో పెద్ద బల్లి బుసలు కొడుతుంటే రెండు తగిలించా, చచ్చింది. తప్పయిందా?"

డ్రాగన్ వధ వార్త దేశమంతా పాకింది. శిఖర పితామహుడి మార్గదర్శకత్వంలో ఈ విజయం సాధ్యపడిందని దళం తీర్మానించింది. సన్మాన సభ పెట్టి, ఆ పిల్లను మైకులో నాలుగు మాటలు మాట్లాడమన్నారు.

"ఆఁ... వినపడుతోందా?" అంది చిట్టి ముల్లంగి. "అందరికీ దండాలు. నాకు మాట్లాడ్డం అదీ రాదు. మోకాలి నొప్పితో ఎక్కువసేపు కూర్చోలేను కూడాను."

వణుకుతున్న ఆ గొంతు విని సభ బిగుసుకుపోయింది.

"క్షమించాలి" అన్నాడు పితామహుడు, పితామహత్వం సడలిపోతూ. "అసలు... తమరి వయసెంత?"

"నాకా? మొన్న డెబ్భై నాలుగొచ్చాయి నాయనా."

యాభై రెండేళ్ల ఓక్ ఛాంగ్‌సుల్ పలకల దుకాణంలో కుర్చీలోంచి దిగి, కంప్యూటరుకు సాష్టాంగ నమస్కారం చేశాడు. నుదురు కీబోర్డుకు తగిలి శిఖర పితామహుడు చావడి కప్పు మీదికి ఎగిరాడు. రాజ్యంలోని తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల వాళ్లంతా ఒక్కసారిగా పిల్లలైపోయారు. ఆమె పేరు మ్యోంగ్ సున్‌దోక్ అనీ, ఊరు జొంజు అనీ విచారణలో తేలింది. బామ్మగారి చేత చెంచాలు వేయించిన నేరానికి తాక్‌ను బహిరంగంగా ఛీకొట్టారు. చావడి నడుమ ఎలుగుబంటి చర్మం పరచిన సింహాసనం వేశారు. "తమరు కూర్చోండి బామ్మగారూ. తమరు కత్తి పట్టడమేంటి, మేమంతా లేమూ?" అన్నారు. మేమున్నామన్నవాళ్లలో ఎవరూ లేవలేదు.

బామ్మగారు కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఆ మర్నాడు ఆమె తొలి అభిప్రాయం వెలువడింది. ‘ఆట చాలా బాగుంది. అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది.’ ఇంతటి ప్రశంస ఏ ఆటకూ రాలేదని కంపెనీ దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రకటనగా వేయించుకుంది.

ఆ సాయంత్రం ఆమె తాక్‌ను మైకులో పిలిచింది.

"నా మూలాన చివాట్లు తిన్నావ్. ఏమనుకోకు అబ్బాయ్."

"అయ్యో, నేనే తప్పు చేశానండీ. తమరి చేత గ్లాసులు తోమించాను" అన్నాడు తాక్, కుర్చీ అంచున చేతులు కట్టుకుని.

"తోమించావు కాబట్టేగా ఇన్నాళ్లున్నా! మా కోడలు బంగారం. కాని నన్ను చెంచా ముట్టుకోనివ్వదు. కిమ్చీ పచ్చడి కలిపేటప్పుడు నన్ను కుర్చీలో కూలేసి, ఉప్పు సరిపోయిందా అత్తయ్యా అంటుంది. సరిపోకపోయినా సరిపోయిందనాలి. మనవడు సైన్యంలో చేరాక వాడి కంప్యూటరు దుమ్ము కొట్టుకుపోతోంది, తుడుద్దామని వెళ్లా. తుడవనివ్వలేదు. పోనీ దాని ముందు ఊరికే కూర్చుంటానన్నా, సరేనన్నారు. ఇదిగో, అలా వచ్చి పడ్డా."

తాక్, "భోంచేశారా?" అన్నాడు.

"తినిపించారు" అంది ఆవిడ.

మర్నాటి నుంచి సింహాసనం ఖాళీ. పెద్దావిడ అలిసిపోయి ఉంటారని దళమంతా గౌరవంగా అనుకుంది. తూర్పు గుట్టల్లో కొత్త డ్రాగన్ పుట్టింది. దాన్ని ఎదుర్కోవడానికి పితామహుడు ఒక ఉపసంఘం వేశాడు.

పది రోజుల తర్వాత గుమ్మంలో ఒక పిల్ల నిలబడింది. పేరు ‘పచ్చి ఉల్లికాడ’, వయసు పదిహేను. చుట్టూ అందరూ ఉపసంఘం చర్చలో మునిగి పట్టించుకోలేదు. తిన్నగా తాక్ దగ్గరికి వచ్చి, "అన్నా, ఏదైనా పనుందా?" అంది.

ఆ పిల్ల ఎవరో తాక్‌కు తెలుసు. ఒక్క మాట చెబితే దళంలో పోయిన పరువు తిరిగొస్తుంది, పెద్దావిడకు సింహాసనమూ తిరిగొస్తుంది. పెద్దలను ఎలా చూసుకోవాలో అతని ఇంటివాళ్లు, బడి, ఆఫీసు నేర్పిందంతా ఆ ఒక్క మాటే చెప్పమంటోంది. అన్నా అన్న పిలుపు తనకిక చెల్లదని కూడా అతనికి తెలుసు. చివరికి తెగించి ఇలా టైపు చేశాడు:

"ఇంతాలస్యమా? తూర్పు గుట్టల్లో డ్రాగన్ ఉందట, వెళ్లి దాని పని చూసిరా. చీకటి పడేలోగా రాకపోతే ఊరుకోను!"

"సరే అన్నా!" అంటూ ఉల్లికాడ ఎగిరి గంతేసి, కత్తి తిప్పుకుంటూ పరుగెత్తింది.

ఆమె కొండ మలుపు తిరిగేదాకా తాక్ పీసీ బాంగ్‌లో లేచి నిలబడి, తెరకు నడుం వంచి నమస్కరించాడు. డెబ్భై నాలుగేళ్ల ముసలమ్మను డ్రాగన్ మీదికి తోలిన ఈ దుర్మార్గుణ్ని మన పాఠకులు ఎన్నటికీ క్షమించరు. మనకు ఆ మాత్రం సంస్కారం ఉంది. మనింటి పెద్దవాళ్లను మనం ఇంతవరకు కుర్చీలోంచి లేవనిచ్చామా?