దొరగారి కుడి చంక

మాట తప్పేవాళ్లను తిట్టకండి. వాళ్లే లేకపోతే పారిస్‌లో మాలాంటి దర్జీలు ఏం తిని బతకాలి?

నా పేరు క్లెమాన్స్. బ్రెస్సాక్ దొరగారి దర్బారు కోట్లు ముప్ఫయ్యేళ్లుగా కుడుతున్నాను. ఆయన రాయబారిగా చేశారు, మంత్రిగా చేశారు. రాజుకి విధేయుణ్ణన్నారు, రాజును తరిమినవాళ్లకూ విధేయుణ్ణేనన్నారు, ఆ తరవాత చక్రవర్తికీ అదే అన్నారు. ఇప్పటికి ఆరు ప్రభుత్వాలు, ఆరు ప్రమాణాలు! మళ్లీ రిపబ్లిక్ వచ్చింది కాబట్టి రేపు ఏడోది.

ప్రమాణమంటే కుడి చెయ్యి పైకెత్తాలి కదా. ఎత్తినప్పుడల్లా కోటు కుడి చంక పిగిలిపోయేది. అందుకని అక్కడ నాలుగు వేళ్ల గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టడం నేర్చుకున్నాను. నీతిమంతుడికి కుడితే ఈ పనితనం నాకు వచ్చేదా?

ఇంకో మేలు వినండి. వియన్నాలో రాయబారిగా ఉండగా ఆయన పారిస్‌లోని మంత్రిని దులిపేస్తూ ఉత్తరం రాశారు. అది చేరేలోపు రాజు పారిపోయాడు, దొరగారే ఇక్కడికొచ్చి మంత్రి అయ్యారు. తన ఉత్తరం తానే విప్పి, మండిపడి, రాసినవాడికి గడ్డి పెడుతూ జవాబు పంపారు. ఆ జవాబు వియన్నా దాకా వెళ్లి తిరిగి ఆయనకే వచ్చింది. అవమానంతో రెండు రోజులు సూప్ ముట్టలేదు, పాపం. పరాయివాడి మనసు నొప్పించకుండా ఇంత పెద్ద తగాదా ఇంకెవరు నడపగలరు?

ఆయనింట్లో ఒక చిలక ఉండేది. "చక్రవర్తికి జయం" అని అరిచేది. చక్రవర్తి పోయాక కూడా అదే పాట! ఎంత చెప్పినా వినలేదు. మొన్ననే పల్లెటూరికి పంపేశారు.

మా తమ్ముడు ఎతియెన్‌దీ ఆ చిలక బుద్ధే. బడిపంతులు. చక్రవర్తి గద్దెనెక్కగానే పంతుళ్లంతా ఆయన పేరు మీద ప్రమాణం చేయాలన్నారు. రిపబ్లిక్‌కి ఒకసారి చేశాను, ఇక చెయ్యనన్నాడు. సముద్రం అవతల జైలుకు పంపారు. పద్దెనిమిదేళ్లయింది. ఆ ఉత్తర్వు మీద సంతకం దొరగారిదే.

నిన్న ఆయన కొత్త కోటు కొలతలకు వచ్చారు. నోట్లోంచి గుండుసూదులు తీసి అడిగాను.

"దొరగారూ, మా తమ్ముడు జైలుకెళ్లింది ఈ రిపబ్లిక్ కోసమే కదండీ. వదిలెయ్యమని ఒక్క ముక్క రాయండి. రక్తం కక్కుతున్నాడట."

ఆయన అద్దంలో కాలరు సర్దుకున్నారు.

"చూడమ్మా క్లెమాన్స్, నేనొకసారి సంతకం పెట్టానంటే పెట్టినట్టే. మాట తప్పడం మా వంశంలో లేదు."

విన్నారా! ఆరు ప్రమాణాలు గంగలో కలిపిన మనిషి, ఒక్క నా తమ్ముడి విషయంలో మాత్రం హరిశ్చంద్రుడయ్యాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ కొలతలు పూర్తిగానే తీసుకున్నాను.

కోటు ఇప్పుడే పంపించాను. చంక కింద ఎక్కువ గుడ్డ పెట్టలేదు. గుర్రపు జీనుకు వాడే దారంతో కోటు కుడి చేతిని మోచేతి దాకా దాని పక్కకే కలిపి కుట్టేశాను. మాట మీద నిలబడే మనిషికి రేపు చెయ్యెత్తే పనేముంది?