దుర్గమ్మ కుంకుమ, అనుకోని పేరంటం

ఆ శుక్రవారం పొద్దున్నే జ్యోతిర్మయి గొప్ప నిర్ణయం తీసుకుంది. సాయంత్రంలోగా ఈ అపార్ట్‌మెంటులో ఒక్కరినైనా "అక్కా" అని పిలవాలి!

మంగళగిరిలో మగ్గాల వీధిలో పెరిగిన పిల్ల. అక్కడ పక్కింటి కూర వాసన వస్తే గిన్నె పట్టుకుని వెళ్ళడమే. పెళ్ళై విజయవాడ వచ్చాక అన్నీ మూసిన తలుపులే. భర్త ఉమామహేశ్ వన్ టౌన్‌లోని బట్టల కొట్టుకు వెళ్ళిపోతే, ఇంట్లో ఆమెతో మాట్లాడేది కుక్కరొక్కటే. అదీ మూడు మాటలే.

ఊరికే తలుపు కొడితే బాగుండదని, కొండ మీద నుంచి తెచ్చిన దుర్గమ్మ కుంకుమ పట్టుకుని బయల్దేరింది. ఎదురింటి నాగదుర్గ చేతులనిండా దోసెలపిండి.

"ఉండండి, నేనే పెడతా," అని ఆమె నుదుట బొట్టు పెట్టి, "మా ఇంటికి రండి," అంది జ్యోతిర్మయి.

"ఎన్నింటికమ్మా?"

ఎంత ఆప్యాయత! జ్యోతిర్మయి పొంగిపోయింది. "సాయంత్రమైతే ఖాళీయేనండీ."

అది ఎంత బాగా పనిచేసిందంటే, పై అంతస్తు దాకా ప్రతి గుమ్మంలోనూ బొట్టు పెట్టి అదే చెప్పింది. బొట్టు పెట్టి, టైము చెప్పి, ఇంటికి రమ్మంటే దాన్ని పేరంటం అంటారని ఆ సంబరంలో ఆమెకు తట్టనేలేదు.

నాగదుర్గకు తట్టింది. ఏళ్ళ తరబడి పలకరించని పై ఇంటి పద్మశ్రీని మెట్ల మీద ఆపేసింది. "ఏం పేరంటమో చెప్పలేదండీ. తెగ సిగ్గుపడుతోంది."

"సిగ్గంటే ఇంకేముంది? విశేషమే!"

"పెళ్ళై నాలుగు నెలలేగా?"

"ఇప్పటి పిల్లలు అన్నీ ఫాస్టండీ."

నాగదుర్గ చెల్లెలిది మంగళగిరిలో జ్యోతిర్మయి అత్తగారు శివపార్వతి పక్కిల్లే. పెనం మీద దోసె కాలేలోగా కబురు అక్కడికి చేరింది. శివపార్వతి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఏరా, అపార్ట్‌మెంటంతా బొట్టు పెట్టి పిలిచారంట! నానమ్మనయ్యేదాన్ని, నాకు పక్కింటావిడ చెప్పాలా?"

ఉమామహేశ్ చేతిలోని చీర జారిపోయింది. భార్య తనకూ చెప్పలేదంటే పరువు పోతుంది. "సర్‌ప్రైజ్ చేద్దామనీ..." అని నసిగి, ఫోన్ పెట్టేసి, కొట్టంతా లడ్డూలు పంచేశాడు.

సాయంత్రం తలుపు తీసిన జ్యోతిర్మయి బిత్తరపోయింది. పట్టుచీరలు, మల్లెపూలు, జాకెట్టు ముక్కలు... ఆడవాళ్ళంతా గుమ్మంలోనే! వాళ్ళను తోసుకుంటూ చలిమిడి డబ్బాతో అత్తగారు.

"అలా నిలబడతావేంటమ్మాయ్! కూర్చో, కూర్చో!"

అందరూ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గాజులు తొడగబోయారు. విషయం అప్పుడర్థమైంది ఆమెకు. నిజం చెబితే ఈ తలుపులన్నీ మళ్ళీ మూసుకుంటాయి, ఈసారి గడియలతో సహా. అయినా చెప్పేసింది.

"విశేషమేమీ లేదండీ... మాట్లాడే మనిషి లేక పిలిచాను."

చేతిలోని గాజులు పక్కన పెట్టి, నాగదుర్గ మెల్లగా చాప మీద చతికిలబడింది.

"హమ్మయ్య! మాట్లాడ్డానికే అయితే నేను రోజూ వస్తానమ్మా. మా ఆయన టీవీతోనే మాట్లాడతాడు."

"టీవీతోనైనా మాట్లాడతారు, నయం," అంది పద్మశ్రీ ఆమె పక్కనే కూర్చుంటూ. "ఇన్నేళ్ళుగా కింద ఇంట్లోనే ఉంటారు, ఇంతకీ మీ పేరేంటండీ?"

"నాగదుర్గండీ."

శివపార్వతి కోడలిని ఓసారి ఎగాదిగా చూసి, డబ్బా మూత తీసింది. "చలిమిడి తినడానికి కడుపుతోనే ఉండాలా ఏంటి? చేతులు పట్టండి."

"నాగదుర్గక్కా, ముందు మీరు!" అంది జ్యోతిర్మయి. ఆ తర్వాత ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ఎవరికీ వినపడలేదు.

చీకటి పడ్డాక ఉమామహేశ్ రెండు చేతులా స్వీటు డబ్బాలతో ఎగురుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నాగదుర్గ ఆపింది.

"ఎవరు కావాలి బాబూ?"

"జ్యోతి భర్తనండీ! విశేషమంట కదా!"

"విశేషమేమీ లేదులే బాబూ. స్వీట్లు మాత్రం ఇటిచ్చి, కాసేపాగి రా."

ఖాళీ చేతులతో అతను మెట్ల వైపు నడిచాడు. అక్కడ వరసగా కూర్చుని ఉన్న భర్తలు కాస్త జరిగి చోటిచ్చి, ఈ పూటకు భోజనాలు ఉంటాయా అని అతన్నే అడిగారు.